హాల్వార్ తెచ్చిన కేకు

అయినా తెచ్చిన కేకును ఇంక వెనక్కి ఎలా తీసుకెళ్తాం? ఉద్యోగం మానేసేవాడే అందరికీ కేకు పెట్టడం ఈ దీవి విమానాశ్రయంలో ఆనవాయితీ. అంటే ఈ డబ్బా మూత తెరవడమే రాజీనామా, నోరు విప్పక్కర్లేదు. హాల్వార్‌కు కావలసిందీ అదే. కేకు తనే చేశాడు, పైన క్రీముతో "సెలవు" అని రాశాడు. ఇప్పుడది, అతను విమానాలకు ఇంధనం పోసే ట్యాంకర్‌లో, అతని పక్క సీటు మీద, ఎవరో చుట్టం కూర్చున్నట్టు కూర్చుంది.

ట్యాంకర్‌కు ఇంక పనిలేదు. దక్షిణం నుంచి వచ్చే పెద్ద విమానం, వాడేసిన వంటనూనెతో చేసిన ఇంధనాన్ని అక్కడే నింపుకొస్తోంది. దీవుల మధ్య తిరిగే చిన్న విమానం ఇవాళ్టి నుంచి కరెంటుది. గాలిమరలు తిరిగినప్పుడల్లా కరెంటును షెడ్డులోని బ్యాటరీల్లో దాచి, విమానం దిగే వేళకు అందించేలా ఇంగున్ అంతా అమర్చింది. ఈ విమానాశ్రయానికి ఆమే అధికారి. చలికాలమంతా అతన్ని కూర్చోబెట్టి, విమానానికి కరెంటు ఎక్కించే కేబుల్ పని నేర్పింది. పాత పని పోయినవాడని జాలిపడి నేర్పిందని అతని అనుమానం. ఆ జాలే అతనికి మింగుడుపడలేదు.

చిన్న విమానం దిగింది. అలవాటుగా ట్యాంకర్‌ను దాని పక్కకే తోలాడు. దిగాడు. చేతులు అతన్ని అడగకుండానే ఎర్తు తీగ లాగి విమానానికి క్లిప్పు పెట్టేశాయి. ఇంధనం పోసేటప్పుడు నిప్పురవ్వ పుట్టకుండా పెట్టే తీగ అది.

"ఏమోయ్!" పైలట్ సిగ్రిడ్ కిటికీలోంచి తల బయటపెట్టింది. "దీనికి నూనె తాగిస్తావా ఏంటి? కడుపు చెడుతుంది!"

అతని చెవులు వేడెక్కాయి. ఇంగున్ ఆయాసపడుతూ వచ్చింది.

"నవ్వకు సిగ్రిడ్. ఈ మనిషిని అడిగి మరీ ఉంచుకున్నది అందుకే."

"ఎందుకు?" అన్నాడు హాల్వార్.

"ఎవరూ చూడకపోయినా ఆ తీగ పెడతావని. ఈ కేబుల్ పరధ్యానం మనిషి చేతికిస్తే నాకు నిద్ర పడుతుందా? పైవాళ్ళు కొత్తవాళ్ళని పంపుతామన్నారు. హాల్వార్ ఉంటేనే ఈ విమానం ఇక్కడ దిగుతుందన్నాను."

"నాకు చెప్పలేదే!"

"నువ్వు అడిగితేగా, మొండిఘటమా!"

తీగ చుట్టేసి, కేబుల్ తగిలించాడు. విమానం కడుపు నిండేదాకా అక్కడే నిలబడ్డాడు. చలికాలమంతా నమ్మకాన్ని జాలి అనుకుని అలిగాడన్నమాట. తనమీద తనకే నవ్వొచ్చింది.

విమానం వెళ్ళిపోయింది. వెనక పొగ లేదు, కిరోసిన్ కంపు లేదు. కాసేపటికి ఏదో వాసన తగిలింది: సముద్రపు నాచు. ఇన్నేళ్ళూ అది ఇక్కడిదాకా వస్తోందన్నమాట, తనకే తెలియలేదు. గుండె నిండా పీల్చాడు. ఎవరికి కృతజ్ఞత చెప్పాలి? గాలికా, సిగ్రిడ్ వెటకారానికా, ఇంగున్‌కా? అందరికీ చెప్పాలనిపించింది.

"కాఫీ అయింది, రా!" ఇంగున్ గుమ్మంలోంచి కేకేసింది. "తినడానికి ఏమన్నా ఉందా?"

అతను ట్యాంకర్ తలుపు తీసి, డబ్బా మూత ఎత్తాడు. "సెలవు" అని ఉన్నచోట బొటనవేలు పెట్టి, క్రీమంతా నున్నగా పూసేశాడు.