మిషను నూనె

బాణం గుర్తు మళ్లీ కదలడం మానేసింది. ఆమె వేలితో ఒకసారి నొక్కింది, ఇంకోసారి నొక్కింది, ఆ తర్వాత కసిదీరా నొక్కింది. లాప్‌టాప్ మొరాయించిందంటే మొరాయించిందే. లోపలి చిన్న ఫ్యాను మాత్రం గొంతు చించుకుంటోంది. సేవ్ చేసి ఎంతసేపయిందో గుర్తుతెచ్చుకోబోయి, భయమేసి మానేసింది. పవర్ బటన్ అదిమిపట్టి, తెర నల్లబడేదాకా ఊపిరి బిగబట్టింది.

ఆమె పని వినడం, టైపు చేయడం. ఎక్కడెక్కడి మీటింగుల్లోనో ఎవరెవరో మాట్లాడినవి రికార్డు చేసి పంపిస్తారు. దగ్గులూ నవ్వులూ వదిలేసి మిగతాదంతా అక్షరాల్లో పెట్టాలి. హెడ్‌ఫోన్ ఎప్పుడూ కుడిచెవికే. ఎడమచెవి పక్కగదిలో మంచం పట్టిన అత్తయ్యది. ఆవిడ ఆయాసం వినిపిస్తున్నంతసేపూ ఈమె వేళ్లు నిశ్చింతగా నడుస్తాయి. రెండు రోజులుగా ఫ్యాను హోరులో ఆ చప్పుడు కలిసిపోతోంది. మాటిమాటికీ లేచి వెళ్లి చూసి వస్తోంది. వచ్చేసరికి తెర బిగుసుకుపోయి ఉంటోంది.

పొద్దున్నే సూపర్‌వైజర్ ఫోన్ చేసి, "సాయంత్రానికి ఫైలు రాకపోతే రేపట్నుంచి పని వేరేవాళ్లకి ఇచ్చేస్తామండీ, ఏమనుకోకండి," అంది. పని పోవడం ఒక ఎత్తు, ఏమనుకోకుండా ఉండటం ఒక ఎత్తు. ఈ ఇంటికి వేరే సంపాదన లేదు.

లాప్‌టాప్‌లోని పాత ఫొటోలన్నీ తీసేసింది. తడిగుడ్డ మడిచి కింద పెట్టింది. బల్లఫ్యాను తెచ్చి దానివైపు తిప్పి, తను చెమటలో కూర్చుంది. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే, "ఆపి మళ్లీ ఆన్ చేశారా మేడమ్?" అన్నారు. పొద్దుట్నుంచీ అదే పని అంటే, అయితే షాపులో ఇచ్చి నాలుగు రోజులు ఆగమన్నారు.

ఆమెకు తెలియకుండానే కాలి కింద పెడల్ ఆడుతోంది. అది కుట్టుమిషను బల్ల. మిషను తలను లోపలికి దించి, పైన పలక మూసి, దానిమీద లాప్‌టాప్ పెట్టుకుంటుంది. ఆ మిషను మీద వీధివీధికీ బట్టలు కుట్టి అత్తయ్య కొడుకుని పెంచింది. వాడు ఇంకో మనిషితో ఇంకో ఇల్లు చూసుకున్నప్పుడు తల్లిని రమ్మన్నాడు గాని, మిషను వద్దన్నాడు. "మిషనూ కోడలూ ఉన్నచోటే నేను," అందావిడ. మిషను పేరే ముందు చెప్పారని కోడలు ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

"ఏం కుడుతున్నావమ్మాయ్, అంత జోరుగా?" అని లోపల్నుంచి అత్తయ్య గొంతు.

"నా తలరాత! ఇది మళ్లీ ఆగిపోయిందండీ."

"ఎండిపోయినట్టు ఆ మూలుగేంటి దానికి? నూనె పెట్టి చూడు."

"లాప్‌టాప్‌కి నూనేంటి అత్తయ్యా!"

"లోపల తిరిగేదేదో ఉందిగా, దానికి. సొరుగులో డబ్బా ఉంది. ఒక్క చుక్కే. మళ్లీ మూత పెట్టు, నువ్వసలే మర్చిపోతావ్." ఆయాసం తీర్చుకుని మళ్లీ అంది, "ఇటొచ్చి కాసేపు కూర్చోరాదూ."

"వస్తా, ముందు దీని సంగతి తేలనీండి."

కళ్లద్దాల స్క్రూడ్రైవరుతో అడుగు మూత మెల్లగా విప్పింది. ఏ తీగ తెగినా బతుకు రోడ్డునపడుతుంది. లోపల ఫ్యాను కనిపించలేదు. ఎరుపు, పసుపు, నీలం పీచు దిండులో కూరినట్టు కనిపించింది. మిషను గూట్లో ఏళ్లతరబడి చేరిన దారాల పీచునంతా పలక సందులోంచి అది పీల్చుకుంది. ఆ భయంలోనూ ఆమెకు నవ్వొచ్చింది.

"మీరు కుట్టిందంతా ఇది మింగి కూర్చుంది అత్తయ్యా!"

లోపల ఆవిడ నవ్వింది. నవ్వు దగ్గయింది, కాసేపటికి దగ్గు సర్దుకుంది. ఈమె బల్లఫ్యాను ఆపి, పీచంతా లాగేసి, ఫ్యాను నడుమ ఒక్క చుక్క నూనె వేసి, మూత బిగించి ఆన్ చేసింది.

చప్పుడు లేదు. పూర్తిగా చెడగొట్టానేమో అనుకుంది. పక్కన అరచెయ్యి పెడితే సన్నగా గాలి తగిలింది. తిరుగుతోంది! మళ్లీ ఎప్పుడు మొండికేస్తుందోనని వాక్యానికోసారి సేవ్ నొక్కుతూ, తలెత్తకుండా టైపు చేసింది. ఆ కంగారులో ఎడమచెవిని మర్చిపోయింది. కిటికీలో ఎండ గోడమీదికి పాకింది. తెర ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. ఫైలు పంపింది. అందిందనీ, రేపటి రికార్డింగు పంపిస్తామనీ జవాబు వచ్చింది.

"అత్తయ్యా, మీ నూనె పనిచేసింది! వచ్చేస్తున్నా."

జవాబు లేదు. నిద్రపట్టి ఉంటుందిలే అనుకుంటూ హెడ్‌ఫోన్ తీసింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఫ్యాను హోరు లేదు కాబట్టి ఇప్పుడు ఆయాసం వినిపించాలి. ఆ మాట తోచాక ఆమె లేవలేకపోయింది. కాలు పెడల్ మీద అలాగే ఉండిపోయింది.

చివరికి వెళ్లింది. ఎప్పుడూ మంచం మధ్యలో పడుకునే అత్తయ్య గోడవారకు జరిగి, గుమ్మంవైపు తిరిగి ఉంది. ఇటు అంచున ఒకరు కూర్చునేంత చోటు వదిలింది. కోడలు ఆ చోట్లో కూర్చుంది. చల్లబడిన చేతిని ఒళ్లోకి తీసుకుని, "వచ్చానత్తయ్యా," అని ఏడ్చింది.

అవతలి గదిలో బల్లమీద, మూత పెట్టని నూనె డబ్బా ముక్కు చివర ఒక చుక్క నిలిచి ఉంది.