వదులు చేయించిన మెట్టె

నేను ఒక వెండి మెట్టెను. చీరాలలో కంసాలి బ్రహ్మయ్య కొట్లో పుట్టాను. పెళ్ళినాడు నన్ను హైమ ఎడమకాలి వేలికి తొడిగారు. కుడికాలు నా జోడుది. మొగుడి ఆయుష్షంతా మా మీదే ఉందంటారు మనుషులు. ఆ మొగుడేమో హెల్మెట్ లేకుండా బండి నడుపుతాడు, భారం మాత్రం మాది.

హైమ బడిలో లెక్కల టీచరు. పెళ్ళైన రెండో ఏడు ఆమెకు కీళ్ళ నొప్పులు మొదలయ్యాయి, బుగ్గలు ఎర్రబడ్డాయి. ఎండకు కందిందన్నారు. తర్వాత పాదాలు ఉబ్బి, నేను వేలిలోకి దిగబడిపోయాను. రోజంతా నిలబడే ఉద్యోగం కదా అన్నారు. మూత్రం నురగలు నురగలుగా పోవడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను. నన్నెవరు అడిగారు గనక?

"తీసేస్తానత్తయ్యా, కోసుకుపోతోంది" అంది హైమ.

"తియ్యకూడదమ్మా, మావాడికి మంచిది కాదు. వదులు చేయిద్దాం పద" అంది అత్తగారు సీతారావమ్మ.

వేలికి ఉండగానే బ్రహ్మయ్య నన్ను పట్టకారుతో సాగదీశాడు. నెల తిరక్కుండా మళ్ళీ సాగదీశాడు. కాలు వాస్తే ఎవరైనా డాక్టరు దగ్గరికి పోతారు, వీళ్ళు కంసాలి దగ్గరికి పోయారు.

మొహం కూడా ఉబ్బాక గుంటూరు తీసుకెళ్ళారు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ చెప్పింది. "దీన్ని లూపస్ అంటారు. రోగాల్ని తరమాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి సొంత కిడ్నీల మీద పడింది. రక్తాన్ని వడకట్టే జల్లెడలు దెబ్బతిన్నాయి. ప్రోటీన్ మూత్రంలో పోతోంది, నీరు ఒంట్లో నిలుస్తోంది. వాపు ఎన్నాళ్ళ నుంచి?"

సీతారావమ్మ తల దించుకుంది. "రెండుసార్లు మెట్టెలు వదులు చేయించామండీ."

"ఇంకొంచెం ఆగితే కిడ్నీలు పోయేవమ్మా. మందులు మానకుండా వాడితే నిలబెట్టుకోవచ్చు."

నాకు చాలా బాధేసింది. కాపాడాల్సినవాళ్ళమే, లోపల ఆ రక్షణ వ్యవస్థా బయట నేనూ, ఆ పిల్లను గాయపరిచాం. సీతారావమ్మ నేలమీద చతికిలబడి, సబ్బు రాసి, తన చేత్తోనే నన్ను ఊడదీసింది. ఆవిడ కొడుక్కేమీ కాలేదు. బయట టీ తాగుతున్నాడు.

మందులు పనిచేశాయి, వాపు దిగింది. బ్రహ్మయ్య నన్ను పాత కొలతకు నొక్కాడు. ఇప్పుడు నా కాపురం మందుల డబ్బాలో. రోజూ పొద్దున్నే హైమ నన్ను వేలికి తొడిగి చూసుకుని తీసేస్తుంది. తియ్యకూడదన్న ఆ గొంతే వంటింట్లోంచి అడుగుతుంది.

"వదులుగానే ఉందా అమ్మా?"

హైమ జవాబు చెప్పేదాకా, పొయ్యిమీద పాలు పొంగుతున్నా ఆవిడ అటు చూడదు.