ముక్కావిడ

వీధిలో అందరూ ఆవిడను ముక్కావిడ అంటారు. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుందని కొంత, గోరింట ముద్దను వాసనతోనే తేల్చేస్తుందని కొంత. పొడి పాతదా, నిమ్మరసం చాలిందా, నలుపు కోసం ఎవరైనా జుట్టు రంగు కలిపారా అన్నది గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని చెప్పేసేది. జుట్టు రంగంటే ఆవిడకు హడల్. ఒంటికి పడకపోతే చర్మం బొబ్బలెక్కిపోతుంది మరి. ముందుగదిలో ఇరవై ఏళ్లుగా సాగుతున్న గోరింట పనికి ఆ ముక్కే పెట్టుబడి.

నెల కిందట వచ్చిన జ్వరం ఆ ముక్కును కాస్తా ఎత్తుకుపోయింది. లవంగనూనె సీసాలో ముక్కు దూర్చినా ఏమీ తెలియడం లేదు. ఆ మాట ఆవిడ కొడుక్కి చెప్పలేదు, కోడలికి అసలే చెప్పలేదు. చెబితే ఇంకేముంది, పెత్తనం చేజారినట్టే.

ఇవాళ కూతురు వచ్చింది. ఎనిమిదో నెల. రేపు ఫోటో తీయించుకుంటుందట, పొట్ట మీద పెద్ద పువ్వు వేయమని వచ్చి పడుకుంది. కోడలు కొత్త దుకాణంలో కొన్న పొడి కలిపానంటూ గిన్నె తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. మీరు సరేనంటేనే వేస్తానంది.

ముక్కావిడ గట్టిగా పీల్చింది. మంచినీళ్ల గిన్నెను పీల్చినట్టే ఉంది. ముద్ద రంగు చూసింది. ఆకుపచ్చే గానీ కాస్త నల్లగా ఉందేమో. కూతురు చూస్తోంది, కోడలూ చూస్తోంది.

"బాగుంది, వెయ్యి" అంది.

కోడలు కోన్ నింపింది, కొస కత్తిరించింది, అన్నీ తాపీగానే. ఇంకోసారి చూడండి అత్తయ్యా అంటే, చూశానుగా అని ఆవిడ కసిరింది. కోన్ పొట్ట మీదికి వంగింది. లోపల బిడ్డ తన్నిందో ఏమో, చర్మం ఒకచోట ఉబ్బి తగ్గింది.

ఆవిడకు పైప్రాణాలు పైనే పోయాయి. ఒక్క ఉదుటున కోడలి చెయ్యి పట్టుకుంది.

"ఆగు. నాకు వాసన తెలీట్లేదు. నెలయింది."

కోడలు కోన్ పక్కన పెట్టేసింది.

"ఇందులో ఉన్నది జుట్టు రంగే అత్తయ్యా. కలిపింది నేనే. మొన్న ముద్దలో లవంగనూనె వెయ్యకుండా తెస్తే అదే ఎక్కువైందన్నారు, అప్పుడే అనుమానం వచ్చింది. మీరు ఆపకపోయినా నేను వేసేదాన్ని కాదు."

వాసన రాకపోయినా కోపం మాత్రం ఎప్పటిలాగే ముక్కు మీదికి వచ్చింది. ఎంత ధైర్యమే నీకు అనబోయింది. పొట్టను రెండు చేతులతో కప్పుకున్న కూతుర్ని చూశాక ఆ రంగు గిన్నెను దూరంగా నెట్టేసింది.

కోడలు వంటింట్లోంచి అసలు ముద్ద తెచ్చి, అలవాటు కొద్దీ అత్తగారి ముందే పెట్టింది. ముక్కావిడ ఆ గిన్నెను ఎత్తి కోడలి ముక్కు దగ్గర పెట్టింది.

"నువ్వు చెప్పు" అంది.