మా మరిది మడత కత్తి

మా చెల్లెలు లూసీ భర్త దేవకుమార్ దగ్గర పంతొమ్మిది మడత కత్తులున్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఉల్లిపాయ మొహం చూసి ఎరగదు. కొరియర్‌లో వచ్చిన డబ్బాల టేపు కోయడం, కోస్తుండగా వీడియో తీయించుకోవడం, ఆ వీడియో చూసినవాళ్లకి కామెంట్ల కింద పేజీలకొద్దీ జవాబులు రాయడం, ఇంతవరకే వాటి సేవ. అమెరికాలో బాతెల్ అనే ఊళ్లో వాళ్లింటి గరాజ్‌లో ఆ కత్తులకి స్పాంజి పరిచిన సొరుగులున్నాయి. పాప టీకాల కాగితాలు ఎక్కడున్నాయంటే లూసీని అడగమంటాడు గానీ, ఏ కత్తి ఏ సొరుగులో ఉందో కళ్లు మూసుకుని చెప్పేస్తాడు.

అతన్ని నేను మొదటినుంచీ "మీరు" అనే అంటున్నాను. మర్యాద అనుకుంటాడు. దగ్గరికి రానివ్వడం ఇష్టం లేనివాళ్లని "మీరు" అనడం సులువు.

నా పేరు జోసఫిన్. భీమవరం దగ్గర రొయ్యల ఎక్స్‌పోర్ట్ ప్లాంట్‌లో ఆరేళ్లు, ఇక్కడ ఎవరెట్‌లో ఒక చేపల ప్లాంట్‌లో తొమ్మిదేళ్లు, క్వాలిటీ చూసే పనే చేస్తూ వచ్చాను. షిఫ్ట్ మొదలయ్యేముందు లైన్ మీదకి వెళ్లే ప్రతి కత్తినీ నేను చేత్తో పట్టుకుని చూడాలి. మా కత్తులు చూడ్డానికి ఏమీ బావుండవు. తెల్ల ప్లాస్టిక్ పిడి, వేలెడు వెడల్పు బ్లేడు, ఎక్కడా సందన్నది ఉండదు. సందుంటే చేప జిగురు అందులో చేరుతుంది. అక్కడ చేరిందాన్ని ఏ బ్రష్షూ తియ్యలేదు. అలాంటి కత్తి కనిపిస్తే నేను మారు మాట్లాడకుండా చెత్తలో పడేస్తాను.

ఆగస్టులో ఒక ఆదివారం, చర్చి అయ్యాక వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నాం. పులావు వడ్డించకముందే దేవకుమార్ జేబులోంచి కొత్త కత్తి తీసి బల్లమీద పెట్టాడు. ఒరెగాన్‌లో ముగ్గురు మనుషులు నడిపే చిన్న షాపు తయారుచేసిందట. ఇంకా అమ్మకానికి రాలేదట. రాకముందే దేశం మొత్తంమీద ఆరుగురికి పంపారట, అందులో ఇతనొకడు. ఆ ఆరుగురి మాట చెప్పేటప్పుడు అపొస్తలుల లెక్క చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు.

దాని గొప్పంతా లాక్‌లో ఉందట. మామూలు మడత కత్తిలో బ్లేడు తెరిచాక వెనక్కి మడత పడకుండా ఒక్క ఉక్కు ముక్కే అడ్డం నిలబడుతుంది. ఇందులో రెండు. పిడికి చెరో పక్కనుంచీ చెరో చీల వచ్చి బ్లేడు మొదట్లో ఉన్న గాడిలో కూర్చుంటుంది. రెండూ సరిగ్గా కూర్చుంటే పిడికి రెండుపక్కలా ఉన్న చిన్న బటన్లు పిడితో సమానంగా లోపలికి దిగుతాయి. దీని పేరు ట్విన్ వెడ్జ్, అంటే జంట చీలలు. తెరిచాడు, మూశాడు, తెరిచాడు, మూశాడు. నలభై నాలుగేళ్ల మనిషి, క్లౌడ్ కంపెనీలో పదిహేనుమందికి మేనేజరు, ఆ టిక్కుమనే చప్పుడు వింటూ కళ్లు సగం మూసుకున్నాడు. పులావు చల్లారిపోయింది.

"ఇది ఫెయిల్ అవడం ఇంపాసిబుల్ వదినా. ఒకటి జారినా రెండోది పట్టుకుంటుంది," అన్నాడు.

నేను కత్తి అందుకుని వెలుతురులో పెట్టి చూశాను. పిడిలో ఎక్కడ చూసినా సందులే. "దీన్ని కడగడం ఎలా?" అని అడిగాను.

నవ్వాడు. ఇది చేపల కత్తి కాదన్నాడు. అయితే ఏం కోయడానికని అడిగాను. ఎవ్రీడే క్యారీ అన్నాడు. అంటే రోజూ జేబులో మోసుకు తిరగడానికి. ఏం కోయడానికని మళ్లీ అడిగాను. లూసీ గిన్నె మూత తీసి, అక్కా వడ్డించుకో అంది. దేవకుమార్ మొహం కాస్త ఎర్రబడింది. కొంతసేపటికి తనే అన్నాడు, సెప్టెంబర్‌లో చర్చివాళ్ల ఫిషింగ్ ఉంది కదా, అక్కడే దీని రివ్యూ చేస్తా, మీరే చూద్దురుగాని అని.

అంటే ఆ రోజు అతను చేపల ముందుకి రావడానికి నేనే కారణం. ఇది ముందే చెప్పడం మంచిది.

మా వైపు పింక్ సాల్మన్ చేప ఏడాది విడిచి ఏడాది నదుల్లోకి ఎక్కుతుంది. ఆ శనివారం పొద్దున స్నోహోమిష్ నది ఒడ్డున మా తెలుగు చర్చివాళ్లు ఇరవైమంది దాకా చేరారు. పదకొండయ్యేసరికి ఐస్‌బాక్సుల్లో తొమ్మిది చేపలు పడ్డాయి. పార్కులో చేపలు బాగుచేసుకోవడానికి నీళ్ల కుళాయి ఉన్న పెద్ద బల్ల ఉంది. నేను ఇంటినుంచి నా తెల్ల పిడి కత్తి తెచ్చుకుని ఒక చివర నిలబడి మొదలుపెట్టాను. రెండో చివర దేవకుమార్ నల్ల గుడ్డ పరిచి, దానిమీద కత్తి పెట్టి, చేతివేళ్లకి క్రీమ్ రాసుకున్నాడు. వీడియోలో వేళ్లు బావుండాలి కదా. లూసీ ఫోన్ పట్టుకుంది. లూసీ ఫార్మసిస్టు. వారమంతా నిలబడి మందులిచ్చి, శనివారం వచ్చి మొగుడి వేళ్లని వీడియో తీస్తుంది. ఆ వేళ్లకంటే ఆమె ఫోన్ పట్టుకున్న తీరు చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

ఇంగ్లీషులో ఉపన్యాసం మొదలైంది. మొదటి చేప పొట్ట కోశాడు. కోసినట్టు కాదు, ఉత్తరం కవరు చింపినట్టు. పేగు తెగి బల్లంతా పచ్చగా పారింది. అది చూసుకోకుండా కత్తి మూసి, కెమెరా ముందుకి తెచ్చి, మళ్లీ తెరిచాడు. టిక్కుమంది. రెండో చేప. మళ్లీ మూత, మళ్లీ తెరుపు. చేతినిండా జిగురు, పొలుసులు. ప్రతిసారీ ఆ జిగురుతోనే బ్లేడు పిడిలోకి పోయి వస్తోంది. పాస్టరుగారు కూడా వచ్చి నిలబడి చాలా బావుంది బ్రదర్ అన్నారు. నేను ఆరో చేప ముగించి, కత్తి కడిగి, అతని పక్కకి వచ్చి ఊరికే చూస్తూ నిలబడ్డాను.

మూడో చేప దగ్గర తెరిచినప్పుడు టిక్కు రాలేదు. మెత్తగా, అన్నం మెతుకు తొక్కినట్టు చప్పుడైంది. నేను చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాను. చూశాను. కుడిపక్క బటన్ లోపలికి దిగింది. ఎడమపక్కది బియ్యపుగింజ మందాన పైకి నిలిచి ఉంది. దాని పక్కనే సందులోంచి వెండిరంగు పొలుసు అంచు కనిపిస్తోంది. రెండో పక్కది కూడా ఎంతమటుకు దిగిందో ఎవరికి తెలుసు.

మా ప్లాంట్‌లో ఒక నియమం ఉంది. తేడా కనిపిస్తే, నిన్న చేరిన మనిషైనా సరే, "స్టాప్" అనాలి. ఆ మాటతో లైన్ ఆగిపోతుంది. ఎందుకు ఆపావని ఎవరూ కోప్పడరు. ఆ నియమం కొత్తవాళ్లకి నేర్పేది నేనే.

నేను ఏమీ అనలేదు.

రక్తం చూడాలని అనుకోలేదు. అంతవరకు ఆలోచన పోలేదు. ఆ కత్తి కెమెరా ముందు, పాస్టరుగారి ముందు, ఒక్కసారి మడతపడితే చాలనుకున్నాను. ఆ ఇంగ్లీషు ఆగిపోతే చాలనుకున్నాను. "స్టాప్" అని రెండుసార్లు అనేంత వ్యవధి ఉంది. దేవకుమార్ తల తెంపడానికి వెన్నుముల్లులోకి కత్తి గుచ్చాడు. అది ఇరుక్కుంది. పైకి లాగుతూ అటూ ఇటూ ఊపాడు. బ్లేడు అతని వేళ్లమీదకి మడతపడింది.

తర్వాత చేయాల్సినవన్నీ నేనే చేశాను, తడబడకుండా చేశాను. శుభ్రమైన టవల్‌తో వేళ్లు బిగించి, చెయ్యి పైకెత్తి పట్టుకోమని, నా కార్‌లో కూర్చోబెట్టి హాస్పిటల్‌కి డ్రైవ్ చేశాను. లూసీ వెనకసీట్లో కూర్చుని అతని భుజం పట్టుకుంది. దారిలో దేవకుమార్ పళ్లు బిగించి ఒకే మాట రెండుసార్లు అన్నాడు.

"లాక్ ఫెయిల్ అవలేదు వదినా. నేనే సరిగ్గా ఓపెన్ చేయలేదు."

టవల్ ఎర్రగా తడుస్తోంది, ఈ మనిషి కత్తి తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. నాకు జాలి పుట్టాల్సిన చోట రోత పుట్టింది. చూపుడువేలు నరం తెగిందన్నారు. ఆపరేషన్ చేసి కుట్టారు. ఆరు వారాలు చేతికి పట్టీ తీయకూడదన్నారు. కీబోర్డ్ మీద ఎడమచేత్తో ఒక్కో అక్షరం కొట్టుకుంటూ కూడా అదే వారం తన ఛానల్‌లో రాసుకున్నాడు, డిజైన్ అద్భుతం, తప్పు నాదే, వీడియో త్వరలో అని.

బుధవారం మధ్యాహ్నం లంచ్ బ్రేక్‌లో ఉండగా లూసీ ఫోన్ చేసింది. అతని చెయ్యి బాగాలేదు కాబట్టి వీడియో ఎడిటింగ్ తను చేస్తోందట. మామూలుగా మాట్లాడుతున్నట్టే మొదలుపెట్టింది.

"అక్కా, నువ్వు ఫ్రేమ్‌లో ఉన్నావు," అంది.

ఉంటే ఉన్నానన్నాను.

"కత్తివంకే చూస్తున్నావు. తల కాస్త వంచి, మీ ప్లాంట్‌లో చూసినట్టు చూస్తున్నావు. నువ్వు చూశావు కదా?"

అబద్ధం చెప్పొచ్చు. లూసీకి నేను అబద్ధం చెప్పిన గుర్తు లేదు. చూశానన్నాను.

"ఎందుకు చెప్పలేదు?"

అతను వినడని అన్నాను. లూసీ ఒప్పుకోలేదు. ఆయన ఎవరి మాట విన్నా వినకపోయినా నీ మాట వింటాడు, నువ్వు వేళాకోళం చేసినందుకే ఆ చేపలు పట్టుకున్నాడు, నీకు నచ్చాలనే తొమ్మిదేళ్లుగా ఏదో ఒకటి చూపిస్తూనే ఉన్నాడు అంది. గొంతు పెంచలేదు. నేను కనబడే ఆ నాలుగు సెకండ్లూ కట్ చేసి మిగతాది ఆయనకిస్తానంది. థాంక్స్ చెప్పకు అని ఫోన్ పెట్టేసింది.

ఆ సాయంత్రం నేను నాకు తెలిసిన పద్ధతిలోనే కూర్చున్నాను. మా ప్లాంట్‌లో ఏదైనా జరిగితే ఎలా రిపోర్ట్ రాస్తామో అలా, ఒరెగాన్ షాపువాళ్లకి ఒక పేజీ రాశాను. ఏ సందులో పొలుసు చేరింది, ఎన్నిసార్లు తెరిచి మూశాక చప్పుడు మారింది, ఎడమ బటన్ ఎంత పైకి ఉంది. చివర్లో ఇంకో వాక్యం రాశాను: పక్కన ఉన్న వ్యక్తి ప్రమాదానికి ముందే లోపం గమనించి హెచ్చరించలేదు. ఆ వాక్యం తీసేశాను. మళ్లీ రాశాను. పంపేశాను.

మూడు వారాల తర్వాత ఆదివారం భోజనానికి పిలిచింది దేవకుమారే. షాపువాళ్లు నా రిపోర్ట్‌ని అతనికి పంపి, అమ్మకం ఆపామని, పిడికి నీళ్లు పోయేందుకు దారి పెడుతున్నామని రాశారట. అతని మొహం పెళ్లికొడుకులా వెలిగిపోతోంది. పట్టీ కట్టిన చెయ్యి ఛాతీకి ఆనించుకుని, ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని నేను రాసిందంతా బల్లదగ్గర బిగ్గరగా చదివాడు. ఇంత క్లియర్‌గా రాసిన రివ్యూ తన జన్మలో చూడలేదన్నాడు. చివరి వాక్యం దగ్గర ఆగాడు.

"ఈ పర్సన్ ఎవరు వదినా?"

లూసీ నావైపు చూడలేదు.

"నేనే," అన్నాను. "మూడో చేప దగ్గర తెరిచినప్పుడే చూశాను. చెప్పలేదు. కావాలనే చెప్పలేదు."

దేవకుమార్ ఫోన్ బల్లమీద పెట్టాడు. కాసేపు తన పట్టీవంక చూసుకున్నాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే నాకు కాస్త సుఖంగా ఉండేది. మొహంలో ఏదో వచ్చింది, పోయింది. తర్వాత కుర్చీ ముందుకి లాక్కుని, పెన్సిలూ కాగితం నా ముందుకి తోశాడు.

"ఎడమది పైకున్నప్పుడు కుడిది పూర్తిగా దిగిందా, సగమే దిగిందా? గీసి చూపించండి. అది వీడియోలో కనపడట్లేదు."

ఎంత చవకబారు మనిషి, వేలు పోగొట్టుకున్నంత పని జరిగినా ఇతనికి కావాల్సింది ఇదా అనుకున్నాను. అనుకుంటూనే, అతను నన్ను క్షమించి వదిలేస్తున్నాడో, నిజంగానే అతనికి ఆ చీల తప్ప మరేదీ పట్టలేదో తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తేలలేదు. పెన్సిల్ తీసుకుని పిడి గీశాను, గాడి గీశాను. అతను నా భుజం మీదుగా వంగి, ఇంకొంచెం కిందకి వదినా, ఇంకొంచెం అంటున్నాడు.

లూసీ లేచి కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. మామూలుగా నేను బయల్దేరితే కారుదాకా వచ్చి అద్దం దించమని ఇంకో పావుగంట మాట్లాడేది. ఆ రోజు కుళాయి చప్పుడులోంచే వెళ్లొస్తావా అక్కా అంది. అప్పట్నుంచి అలాగే అంటోంది.