మూత పెట్టిన బావి

చమురు కోసం కంపెనీవాళ్లు ఆమె చేలో బావి తవ్వారు. రాతిపొర దాకా దించారు. ఆ పైన ఇసుక కలిపిన నీళ్లు బలంగా కొట్టి రాయి పగలగొడితేగానీ చుక్క రాదు. ఆ పని చేయకుండా ఇనుప మూత బిగించి కూర్చున్నారు. ఏడాది పాటు పని ఆగితే భూమి తిరిగి ఆమెదే. ఒప్పందంలో ఆమెకు పనికొచ్చే మాట అదొక్కటే. మిగతాదంతా కంపెనీకే.

గడువు ముంచుకొచ్చేసరికి లారీలొచ్చాయి. పసుపు టోపీలు, హారన్లు, హడావుడి. తనిఖీ అధికారి వచ్చేదీ ఆ రోజే. ఆమెకు ఒళ్లు మండింది.

గేటు దగ్గర కాపలా ఉన్నది ఆమె మరిది, చెల్లెలి మొగుడు. అందర్నీ వదిలి కంపెనీ అతన్నే ఎందుకు పెట్టుకుందో ఆమెకు మొదటి నుంచీ అనుమానమే. బావి పూర్తయినా, భూమి వెనక్కిచ్చినా అతని ఉద్యోగం ఊడుతుంది. సగంలో ఆగితేనే జీతం.

"ఏం మరిదీ, లారీల్లో ఏముంది?"

"ఇసుకట, వదినా."

"నువ్వు చూశావా?"

"గేటు తీయడమే నా పని."

"అబ్బో! కళ్లు ఇంట్లో పెట్టి వచ్చావా? నా చెల్లి జాగ్రత్తగా దాచిందా?"

ఎప్పుడూ పళ్లికిలించే మనిషి ఈసారి నవ్వలేదు. ఆమె లారీల వైపు నడిచింది.

నేల వానకు నాని ఉంది. నిండు లారీ అయితే చక్రాలు కూరుకుపోవాలి. ఇవి ఎగురుకుంటూ వచ్చాయి. ఆమె అక్కడ పడి ఉన్న రెంచీ అందుకుని లారీ తొట్టిని బాదింది. ఖాళీ డబ్బాలా మోగింది. డ్రైవరు కిసుక్కున నవ్వాడు.

"ఏయమ్మా! అది కంపెనీ ఆస్తి!" అంటూ సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు.

"దాని కిందున్న నేల నాది. తొట్టి తెరువు."

"తాళంచెవి ఆఫీసులో ఉంది."

అధికారి జీపు దిగి, బూట్లకు బురద అంటకుండా అక్కడే నిలబడ్డాడు. "లారీలు వచ్చాయిగా. ఇంకేం కావాలి?" అన్నాడు. ఆ తొందర చూసి ఆమె అనుమానం అతని మీదికీ పాకింది.

"కాపలావాణ్ణి అడగరా సార్? రోజూ ఇక్కడుండేది అతనేగా!"

అనేశాక నాలిక్కరుచుకుంది. జీతం తినేవాడు జీతం వైపే మాట్లాడతాడు కదా!

"ఏమయ్యా, పని జరుగుతోందా?" అధికారి విసుగ్గా అడిగాడు.

మరిది సూపర్‌వైజరును చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"లేదు సార్. మూత బిగించాక దాన్ని ఎవడూ ముట్టుకోలేదు. ఈ లారీలు ఖాళీవి. మీరొస్తున్నారనే తెచ్చారు."

డ్రైవర్లంతా వింటున్నారు. అధికారికి రాసుకోక తప్పలేదు. సూపర్‌వైజరు మరిది చేతిలోంచి గేటు తాళాలు లాక్కున్నాడు.

భూమి చేతికొచ్చినట్టే. అయినా ఆమె మరిది చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"నిజం చెప్పు. ఇలా అనమని ఎవరు నేర్పారు? ఇంకో కంపెనీవాడు గానీ..."

"మీ చెల్లెలే. అబద్ధమాడితే గుమ్మం తొక్కొద్దంది."

"అదా? అంత మాట అందా?"

"నీ అనుమానం తగలెయ్య! ఉద్యోగం పోయింది వదినా నాకు!"

ఆమె ఫోను తీసింది. చెల్లెలు ఎత్తేదాకా అతని చెయ్యి వదల్లేదు.