పొగ లేవని పొద్దు

కన్నకొడుకు బతికుండగా, కోడలు మంచిదై ఉండగా, కాళ్ళూ చేతులూ ఆడుతున్న ఆడమనిషి ఇల్లు విడిచి ఒంటరిగా వండుకు తింటానంటే నాగలమడిక చుట్టుపక్కల నమ్మేవాళ్ళెవరు? ఎవరూ నమ్మలేదు. కోడలు కెంచమ్మ వాత పెట్టిందన్నారు, కొడుకు సంజీవప్ప చెయ్యి చేసుకున్నాడన్నారు. రంగక్క మాత్రం అడిగిన ప్రతివాళ్ళకూ ఉన్నమాటే చెప్పింది.

"నాకి సంగటి మెత్తగా గావల్ల. వాళ్ళకి గట్టిగా గావల్ల. ఎన్నాళ్ళప్పా ఒకే కుండ ముందర మూతులు ముడుచుకోని కూచునేది?"

ఇంత చిన్న కారణానికి ఇల్లు విడుస్తారా అని లోకం ముక్కున వేలేసుకుంది. చిన్నదో పెద్దదో, ఆ సంగటి రోజూ మింగాల్సింది ఆమే కదా!

ఊరి బయట, ఏటి గట్టున, ఒక సంఘం వాళ్ళు ముసలివాళ్ళ కోసం అయిదు గదులు వరసగా కట్టించారు. ఎవరి తలుపు వాళ్ళది, ఎవరి పొయ్యి వాళ్ళది. వసారా, స్నానాల గది మాత్రం అందరిదీ. సంఘం తరఫున భాగీరథమ్మ అనే ఆమె అప్పుడప్పుడూ వచ్చి, జ్వరమో నొప్పో కనుక్కుని పోతుంది. జనం దానికి 'ముసలోళ్ళ లైను' అని పేరు పెట్టి, అటు పోయినప్పుడల్లా జాలిగా ఓ చూపు విసిరేవాళ్ళు. ఆ జాలి చూస్తే రంగక్కకు ఒళ్ళు మండేది. అరవై దాటాక మొదటిసారి తన తలుపుకు తానే గొళ్ళెం పెట్టుకుంటున్న మనిషిని చూసి జాలి దేనికి?

సంజీవప్పకైతే తల కొట్టేసినట్టయింది. ఆ లైను గడప తొక్కనని నలుగురిలో అన్నాడు. కడకు భాగీరథమ్మ మధ్యన కూర్చుంటే ఒక మాటకు దిగొచ్చాడు.

"సరేమ్మా, ఉండనీ. ఐతే ఆడ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, మాయమ్మకేమన్నా ఐతే ఆపొద్దే బట్టలు మూటగట్టుకోని నా యింటికి రావల్ల. మళ్ళా మాట మారిస్తే కుదర్దు."

"ఐనప్పుడు గదా," అని రంగక్క ఒప్పుకుంది.

ఆ మాట ఇచ్చి మూడేళ్ళయింది. ఆ మూడేళ్ళలో ఆమె జ్వరం వస్తే పైకి మూలగలేదు, కాలు బెణికితే ఎవరి ముందూ కుంటలేదు. గది పోతుందని అంత భయం. కొడుకు ఏటి అవతల తన చేన్లో తానున్నాడు. పండగకు కెంచమ్మ చేత ఓళిగలు పంపిస్తాడు, తాను మాత్రం ఇటు తొంగి చూడడు. 'రాయి,' అనుకునేది రంగక్క. 'వాళ్ళ నాయన మాదిరే రాయి.'

వానలు వరసగా ఎగ్గొట్టిన ఏళ్ళవి. ఆ ఏడు కూడా మబ్బులు వచ్చి మొహం చూపించి పోతుండగా, ఒక సాయంత్రం ఎట్టకేలకు నాలుగు చినుకులు పడ్డాయి. అదే సాయంత్రం భాగీరథమ్మ ఒక కిరసనాయిలు స్టవ్ పట్టుకొచ్చింది. పొయ్యి పొగకు రంగక్క కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయని ఆమె బాధ.

"ముందర నువ్వు వాడి చూడక్కా. బాగుంటే మిగతావాళ్ళకీ తెప్పిస్తా," అంది.

రంగక్క మూడు పొయ్యిరాళ్ళూ తీసి బయట గోడకు ఆనించింది. ఆ చోటు పేడతో అలికి, స్టవ్‌ను కొత్త కోడలిని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టింది.

చినుకు పడితే ఈ సీమలో వేరుశనగ విత్తనానికి ఎంత తొందరో చెప్పనక్కర్లేదు. విత్తనం కాయలు ముందుగా ఒలిచి పెట్టుకోరు, పుచ్చిపోతాయి. చినుకు పడ్డాకే ఒలవాలి, చేత్తోనే ఒలవాలి, గింజ మీద పొర చిట్లకూడదు. ఆంజినప్ప ఇంట్లో ఒలవడానికి రమ్మని కబురు ఉంది. రంగక్క తెల్లవారకముందే లేచి, స్టవ్ మీద ఇన్ని కాఫీనీళ్ళు కాచుకు తాగి, తలుపుకు గొళ్ళెం తగిలించి, బిందె చంకన పెట్టుకుని బావికి పోయింది.

ఆ కరువులో బావిలో నాలుగు బిందెలు తోడితే నీళ్ళు బురదయ్యేవి. అవి తేరుకునేదాకా బిందెలు వరసలో కాచుకోవాలి. ఒట్టి బిందె పెట్టి పోతే ఎవరో ఒకరు కాలితో పక్కకు జరిపేస్తారు. అందుకని దాని పక్కన చెప్పులు విడిచి పోవడం అలవాటు. పొద్దున్నే పరాయివాళ్ళ చెప్పులు ముట్టుకునేదెవరు? రంగక్క కూడా అలాగే బిందె పక్కన చెప్పులు విడిచి, ఉత్తకాళ్ళతో ఆంజినప్ప ఇంటికి పోయింది.

పొద్దు బారెడెక్కాక బొటనవేళ్ళు వాచి, తల మీదనుంచి ముక్కుదాకా కొంగు చుట్టుకుని, ఒళ్ళంతా కాయల దుమ్ముతో తిరిగొచ్చింది. వచ్చేసరికి బావి చుట్టూ జనం. రోడ్డు మీద పోయే బస్సు కూడా ఆగి ఉంది.

"ఎవురమ్మా పడినారు?" బస్సు దిగొచ్చిన ఒకామెను అడిగింది.

"ఆ లైనిండ్లలో ఉండే ముసలామంట. కొడుకు కూడు పెట్టకుండా ఆడికి తోలినాడంట. పాపం, ఎన్నాళ్ళని ఓర్చుకుంటాది?"

రంగక్క మనసులోనే లెక్క వేసుకుంది. లైనులో ఆడవాళ్ళు ఇద్దరే, తానూ, పక్కగది హొన్నమ్మ.

"అయ్యో హొన్నమ్మా! నిన్న గూడా నా ఊరగాయ పెట్టించుకోని తింటివే! ఇంత పని జేస్తివేమే!" అని గొల్లుమంటూ జనాన్ని తోసుకుని ముందుకు పోయింది.

పోయి చూస్తే గట్టు మీద హొన్నమ్మ! నిక్షేపంగా కూర్చుని, నెత్తి బాదుకుంటూ ఏడుస్తోంది. రంగక్క ఏడుపు గొంతులోనే ఆగిపోయింది. మరి పోయిందెవరు? హొన్నమ్మ పక్కన కెంచమ్మ ఉంది. ఏటి అవతల ఉండాల్సిన తన కోడలు ఇక్కడికెందుకొచ్చింది? కెంచమ్మ ఒళ్ళో ఒక జత చెప్పులు. ఎడమ చెప్పు పట్టీ తెగిన చోట పచ్చగుడ్డ పీలిక కట్టి ఉంది. ఆ పీలిక కట్టింది రంగక్కే.

తన చావుకు తానే వచ్చి ఏడ్చిన మనిషిని ఎక్కడన్నా చూశారా? ముందున్నవాళ్ళు నీళ్ళు తోడుకుని పోయారు, వెనకవాళ్ళు ఇంకా రాలేదు, ఆమె బిందె ఒక్కటే బావి అంచున మిగిలింది. వరసలో నాలుగు జతలుంటే అవి చెప్పులు. ఒక్కటే ఉంటే చూసేవాళ్ళ బుర్ర ఇంకెటు పోతుంది!

అంతలో బావిలోంచి గొంతు వినబడింది. "ఈపక్క లేదప్పా! రాతి కింద చూస్తా!"

ఆ గొంతు ఆమె కన్నకొడుకుది. రంగక్క అంచుకు పడబోతూ వంగి చూసింది. రొమ్ముల లోతు బురదనీళ్ళలో సంజీవప్ప, అతని పక్కన పక్కచేను రైతు ఎర్రిస్వామి. అడుగున ఒకవైపు రాతి కింద పెద్ద తొర్ర ఉందని ఊరందరికీ తెలుసు. అందులో దూరినవాడు వెనక్కి రావడం కష్టమనీ తెలుసు.

"ఒరే సంజీవా!"

ఆమె కేక బావి గోడల మీద తిరిగి తిరిగి నీళ్ళలోకి దిగింది. సంజీవప్ప పైకి చూడలేదు. నీళ్ళకేసి చూశాడు.

"అమ్మా! వస్తాండా, ఉండు!" అని బుడుంగున మునిగి తొర్రలోకి దూరాడు.

మళ్ళీ పిలుద్దామని తెరిచిన నోటిని రంగక్క రెండు చేతులతో నొక్కిపట్టుకుంది. పిలిచేకొద్దీ వాడు ఇంకా లోపలికి పోతాడు! వంగినప్పుడు కొంగు జారి, జనం ఆమె మొహం చూసి 'రంగక్కా!' అని కేకేశారు. బస్సామె కెవ్వున అరిచి బస్సు వైపు పరుగు తీసింది. హొన్నమ్మ కూర్చున్నచోటే వెనక్కి పడింది. కింద ఎర్రిస్వామి తల పైకెత్తి, చచ్చిన మనిషి మొహం చూసి, నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

"ఎర్రిసామీ! నేనీడనే ఉండానప్పా! వాని కాళ్ళు పట్టి లాగు!" అని రంగక్క గొంతు చించుకుంది.

"లాగన్నా! నీ కాళ్ళు మొక్కుతా!" అని కెంచమ్మ చెప్పులు విసిరేసి అరిచింది.

ఎర్రిస్వామికి అప్పుడు తెలివొచ్చింది. నీళ్ళలోకి వంగి తడిమి, దొరికిన కాలును బలంగా ఈడ్చాడు. సంజీవప్ప బయటికొచ్చాడు. ముక్కునిండా బురద, భుజాలు రాతికి గీరుకుని నెత్తురు. దగ్గాడు. ఆ దగ్గు వినబడేదాకా గట్టు మీద ఎవరూ ఊపిరి పీల్చుకోలేదు.

మోకు కట్టి పైకి లాగారు. అతను తల్లి దగ్గరికొచ్చాడు. బురద చేతులతో ఆమె తల తడిమాడు, చెవులు తడిమాడు, భుజాలు పట్టి చూశాడు, సంతలో గొర్రెను చూసినట్టు. తర్వాత కూలబడి గజగజ వణికాడు. వణుకు తగ్గాక కోపమొచ్చింది.

"యాడికి పోయింటివమ్మా?"

"ఇత్తనం ఒలిచేదానికి నాయనా."

"పొయ్యి ఏంటికి ముట్టించలా?"

"స్టవ్ మింద కాంచుకుంటి…" అంటూ ఆగిపోయింది. "నా పొయ్యి ముట్టించంది నీకెట్ల తెల్సురా?"

సంజీవప్ప మొహం తిప్పుకున్నాడు. కెంచమ్మే చెప్పింది.

"రోజూ పొద్దున్నే చేని గెనిమ మింద నిలబడి ఈపక్కే చూస్తాడత్తా. నీ యింటి పెంకుల మింద పొగ లేస్తేనే ఎద్దుల మింద చెయ్యేసేది. మూడేండ్లుగా ఇదే. ఈపొద్దు ఇత్తనం ఎయ్యల్లని ఊరంతా ఎద్దులకి గుంటకలు కట్టినారు. ఈయప్ప కట్టలా. నాలుగిండ్ల మింద పొగ ఉండాది, మాయమ్మ యింటి మింద లేదే అంటా నిలబడినాడు, నిలబడినాడు, ఉన్నట్టుండి ఎండిన ఏట్లో పడి పరిగెత్తినాడు. గదికి గొళ్ళెం, బావికాడ నీ చెప్పులు, యింగేమనుకుంటాడు?"

బావి దగ్గర తన చెప్పులు చూసినప్పుడు కూడా రంగక్కకు ఇంత దెబ్బ తగల్లేదు. ఇటు తొంగి చూడడనుకున్న రాయి! మూడేళ్ళపాటు రోజూ తనను చూస్తూనే ఉన్న కొడుకును తాను ఒక్క పూటన్నా చూడలేదు.

"మాటంటే మాటే గదా రంగక్కా. కొడుకెంబడి పో," అన్నారు జనం.

"మూట గట్టుకోమ్మా," అన్నాడు సంజీవప్ప.

'నాకేమన్నా ఐతే అంటివి. నాకేమైందిరా? ఐంది నీకి గదా!' అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. నెత్తురోడుతున్న అతని భుజాలు చూసి ఆ మాట మింగేసి, గదికి దారి తీసింది.

లోపల రెండు కోకలు మడిచి మూట మధ్యన పెట్టింది. సంజీవప్ప గడప బయటే నిలబడి మొదటిసారి ఆ గది చూశాడు. ఉట్టి మీద ఊరగాయ జాడీ, కిటికీలో చిన్న అద్దం, ఒక్క మనిషికి సరిపోయే సంగటి కుండ. చిన్నప్పటి నుంచీ పదిమందికి వండే కుండల ముందే తల్లిని చూసినవాడు, ఆ కుండకేసి చాలాసేపు చూశాడు. ఆమె మూటకు ముడి వేస్తోంది. ముడి పడటం లేదు. ఒలిచి ఒలిచి వాచిన వేళ్ళు, ఇష్టం లేని పని.

బయట గోడ పక్కన రాళ్ళు కదిలిన చప్పుడైంది. తలెత్తి చూస్తే, సంజీవప్ప ఒక పొయ్యిరాయి ఎత్తుకుని గడప దాటి లోపలికొస్తున్నాడు. అది మూలన దించి, మళ్ళీ పోయి రెండోది తెచ్చాడు, మూడోదీ తెచ్చాడు. కుండ కుదురుతుందో లేదో పెట్టి చూశాడు.

"వంట దేంట్లోన్నా చేసుకో," అన్నాడు తల ఎత్తకుండా. "పొద్దున్నే పొగ మాత్రం రావల్ల."

రంగక్క ముడి విప్పేసింది.

మర్నాడు తెల్లవారుతుండగా ఆమె పొయ్యిలో వేరుశనగ పొట్టు నింపింది. పొగ దట్టంగా రావాలని కాసిన్ని నీళ్ళు చిలకరించింది. అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుని, ముట్టించకుండా వాకిట్లోకొచ్చింది. దగ్గరివి మసకే గాని దూరానివి ఆమెకు బాగానే కనబడతాయి. ఏటి అవతల గెనిమ గట్టు మీద తెల్లటి తువ్వాలు ఒకటి కదలకుండా నిలబడి ఉంది. దాని వెనకే రెండు ఎద్దులు.

'ఎద్దులకు పొద్దెక్కుతాంది, పాపం,' అనుకుంటూ రంగక్క గబగబా లోపలికి పోయి అగ్గిపుల్ల గీసింది.