చుక్క పెట్టని శుభలేఖ

ఐదో రేకు మళ్ళీ చిరిగింది. కినుయో ఆ కాగితాన్ని మోచేత్తో బల్ల అంచుకు నెట్టేసి దొంతరలోంచి ఇంకో నీలం కాగితం తీసింది. పొద్దున్నుంచి ఇది పదకొండోది. నలుపలకల కాగితాన్ని ఐదు పలకలుగా కోసుకుని, నడిమి నుంచి ఐదు వైపులకూ మడతలు తోసుకుంటూ పోతే, గంటలా విచ్చుకునే ఐదు రేకుల కిక్యో పువ్వు వస్తుంది. అది ఆమెకు కళ్ళు మూసుకున్నా వచ్చే పని. కానీ ఈ పువ్వు శుభలేఖ నడుమ అతికి ఉండాలి. అట్ట తెరిస్తే విచ్చుకోవాలి, మూస్తే ముడుచుకోవాలి. నాలుగు రేకులు మాట వింటున్నాయి. ఐదోది మూసేటప్పుడు మొదలంటా చీలిపోతోంది.

వెదురు బద్దతో మడత మీద గట్టిగా గీసింది. ఆమె కుడిచేతి వేళ్ళు సన్నగా ఉంటాయి. నలభై మూడేళ్ళ కాగితం వాటి కొసల్ని నున్నగా అరగదీసి వేలిముద్రల్ని తినేసింది. ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు వంగవు. కణుపుల దగ్గర పక్కకి తిరిగి అలాగే అతుక్కుపోయాయి. ఆ రెండింటినీ కాగితం కదలకుండా ఆపే బరువుల్లా వాడుకుంటుంది.

ఆమె వెనక కటింగ్ మెషీన్ కత్తి పడ్డప్పుడల్లా బల్ల మీది గంజి గిన్నె వణుకుతుంది. కొండల నడుమ ఈదా అనే ఊళ్ళో ఉషియామా గారి కార్ఖానా చిన్నది. యజమానితో కలిపి ఆరుగురు. పెళ్ళి శుభలేఖలు, చదివింపుల కవర్లు, వాటి మీద కట్టే రంగుల కాగితపు తాళ్ళు ఇక్కడ తయారవుతాయి. ఊళ్ళో సగం ఇళ్ళవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు కినుయో మడిచిన ప్లమ్ పువ్వునో చామంతినో తెరిచి ముహూర్తం చదువుకున్నవాళ్ళే. ఎవరు మడిచారని ఎవరూ అడగలేదు.

ఈ పనికి కొన్ని నియమాలున్నాయి. శుభలేఖలో కామా ఉండదు, చుక్క ఉండదు. ముగింపు గుర్తు పెళ్ళికి పనికిరాదు. తెగడం, విడిపోవడం అన్న మాటలు రాయరు. కవరు మీది ముడి విప్పడానికి వీల్లేనట్టు బిగించాలి, ఎందుకంటే పెళ్ళి ఒక్కసారే. చావు కవర్లకూ అదే ముడి, తాళ్ళ రంగు మాత్రం నలుపూ తెలుపూ. పదమూడో ఏట పనిలో చేరిన మొదటివారమే కినుయో పెళ్ళి కవరూ చావు కవరూ రెండూ కట్టడం నేర్చుకుంది.

అంతకుముందు నేర్చుకున్నదంతా తండ్రి దగ్గర. ఆయన కాగితాన్ని పేని తాళ్ళు చేసేవాడు. మూరల కొద్దీ తాళ్ళు పెరట్లో కర్రలకు కట్టి, గంజి పట్టించి ఆరబెట్టేవాడు. పిల్ల చేతిలో తాడు జారితే తడి తాళ్ళ కట్ట తీసుకుని పిక్కల మీద కొట్టేవాడు. తడి తాడు దెబ్బకు చర్మం చీలదు, వాస్తుంది అంతే. ఎవరికీ కనబడదు.

నీలం కిక్యో కావాలని అడిగింది చిసాతో అనే అమ్మాయి. ఆమెది కటింగ్ మెషీన్ దగ్గర పని. ఇరవై నాలుగేళ్ళు, గుండ్రటి ముఖం, మాట్లాడేటప్పుడు చేత్తో నోరు మూసుకునే అలవాటు. వసంతంలో ఆమె పెళ్ళి. పెళ్ళికొడుకు ఇవావో, యజమాని భార్య షిగెకు తమ్ముడు. కార్ఖానా వ్యాను నడుపుతాడు. అందుకే శుభలేఖలు కార్ఖానా కానుక అని ఉషియామా గారు అందరి ముందూ ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు చిసాతో చెవి కింద పౌడరు మందంగా ఉంది. దాని కింద ఏముందో ఆ గదిలో తెలియనివాళ్ళు లేరు.

ఈరోజు చిసాతో కాగితాల కట్టను ఎత్తలేదు. కాలితో నేల మీద నెట్టుకుంటూ తెచ్చింది. కినుయో అది చూసి, గంజి కలిపే వంకతో లేచి మెషీన్ దగ్గరికి వెళ్ళింది.

"ఎన్నో నెల?"

చిసాతో కాగితాల అంచులు సర్దింది. సర్దినవే మళ్ళీ సర్దింది.

"నాలుగు, పెద్దమ్మా. రాత్రే చెప్పాను ఆయనకి."

"ఏమన్నాడు?"

"పెళ్ళిబట్టలు పట్టవన్నాడు."

కినుయో తిరిగి వచ్చి కూర్చుంది. చేతులు పని మొదలుపెట్టలేదు.

ఒకప్పుడు కినుయో కడుపులోనూ బిడ్డ ఉంది, ఆరో నెల. పెళ్ళయి నాలుగేళ్ళు. భర్త గెంజో అడవిలో దుంగలు నరికే పనివాడు, భుజాలు తలుపంత ఉండేవి. అన్నం చల్లారిందని ఒకరోజు ఆమె ఎడమచేతిని గడప మీద పెట్టి మోకాలు వేసి కూర్చున్నాడు. వేళ్ళు విరిగిన చప్పుడు ఎండుపుల్ల విరిచినట్టుంది. మరో నెలకు అడవిలో వేసుకునే బూటుతో తన్నాడు. ఆడపిల్ల. రెండు అరచేతుల్లో పట్టేంత. నాలుగో రోజున కినుయో పనికి వచ్చి మూడువందల కాగితపు కొంగలు మడిచింది. ఒక్కటి కూడా వంకర పోలేదని పాత యజమాని మెచ్చుకున్నాడు.

ఆ నెలాఖరునే ఒక మూట కట్టుకుని రైలు స్టేషనుకు వెళ్ళింది. టిక్కెట్టు కొనలేదు. ఎక్కడికి కొనాలో తెలియక బెంచీ మీద కూర్చుంది. అన్నయ్య వచ్చాడు. అందరూ చూస్తుండగా రెండు చెంపలూ వాయించి, మణికట్టు పట్టుకుని గెంజో ఇంటికి లాక్కెళ్ళి వదిలాడు. ఆ తరువాత ఇరవై ఏళ్ళకు పైగా ఆమె అదే ఇంట్లో ఉంది. ఏదో ఒక వానాకాలం కొండ మీద దుంగలు జారి గెంజో వాటి కింద పడ్డాడు. అతని చావు కవర్లకు నలుపూ తెలుపూ తాళ్ళు ఆమే కట్టింది.

మధ్యాహ్నం అన్నంలో ముల్లంగి ఊరగాయ నంజుకుని, టీ తాగి, మళ్ళీ పనిలో కూర్చున్నారు. బయట సన్నగా మంచు మొదలైంది. వ్యాను వచ్చి ఆగిన చప్పుడైంది. ఇవావో భుజాల మీద మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చి, నవ్వుతూ అందరినీ పలకరించి, చిసాతోను చేత్తో రమ్మని పిలిచి కాగితాలు నిల్వ చేసే గదిలోకి వెళ్ళాడు. వెనకే ఆ అమ్మాయి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

మొదట ఏమీ వినబడలేదు. తరువాత ఇనుప అరలకు ఏదో మెత్తటిది తగిలిన చప్పుడు. మళ్ళీ ఒకసారి. షిగె లేచి రేడియో గొంతు పెంచింది. ఉషియామా గారు అచ్చు తప్పులు దిద్దుతున్న కాగితం మీదికి ఇంకా వంగారు. ఇలా జరగడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ కినుయో కూడా పని ఆపలేదు. ఈసారి ఆమె అట్టకు చిల్లులు పొడుస్తోంది, కుడిచేతిలో చెక్కపిడి దబ్బనం ఉంది.

రేడియో పాట ఆగి, మాటలు మొదలయ్యే ముందు, ఒక క్షణం నిశ్శబ్దంలో చిసాతో గొంతు వినిపించింది.

"కడుపు మీద వద్దు. ఇంకెక్కడైనా కొట్టు."

బతిమాలుతున్నట్టు కూడా లేదు. కూరలో ఉప్పు వద్దని చెప్పినట్టుంది.

కినుయో లేచింది. తలుపు తీసింది. ఇవావో ఆ అమ్మాయి జుట్టు మణికట్టుకు చుట్టుకుని ముఖాన్ని అరకు అదిమి ఉన్నాడు. ఆమె పై పెదవి చీలి, రక్తం తెల్లకాగితాల కట్ట అంచు మీదుగా కిందికి కారుతోంది. రెండు చేతులూ పొట్ట మీద ఉన్నాయి. అతను మోకాలు వెనక్కి తీశాడు.

"నువ్వెవరే మధ్యలో? పోయి నీ పూలు మడుచుకో, ముసలిదానా," అన్నాడు తల తిప్పకుండానే.

కినుయో దబ్బనాన్ని అతని తొడలో దించింది. గుడ్డ, చర్మం, ఆ తరువాత కండ. అట్టల దొంతర మీద నొక్కినట్టే అరచేతి మొదలుతో పిడి దాకా నొక్కింది. ఆ క్షణంలో ఆమెకు కోపం లేదు. ఎక్కడ ఆపాలో మాత్రం తెలియలేదు.

అతను అరవలేదు, గాలి పీల్చాడు. జుట్టు వదిలేసి కినుయోను రెండు చేతులా ఎత్తి తలుపులోంచి విసిరాడు. ఆమె నలభై కిలోలు కూడా ఉండదు. కటింగ్ మెషీన్ ఇనుప చక్రం ఎడమ కణతకు తగిలింది. కణత ఎముకలో టిక్కుమంది. కళ్ళు తెరిచేసరికి నేల మీద ఉంది, నోట్లో ఇనుము రుచి. గదిలో ఇవావో తొడ పట్టుకుని కూలబడి బూతులు తిడుతున్నాడు. షిగె తువ్వాలు తెచ్చి తమ్ముడి కాలికి చుడుతోంది. అందరూ అతని చుట్టూ చేరారు.

కినుయో గోడ పట్టుకుని లేచింది. వాళ్ళ మధ్యలోంచి చెయ్యి చాపి చిసాతో చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ వెనక తలుపు వైపు నడిచారు. ఉషియామా గారు చూశారు. చూసి, తల వంచుకుని, వాళ్ళకూ ఇవావోకూ మధ్యకు వచ్చి నిలబడ్డారు.

వెనక గుమ్మం దగ్గర ఒక్క జత బూట్లే ఉన్నాయి, కినుయోవి. ఆమె వాటిని చిసాతో కాళ్ళకు తొడిగింది. తను లోపల వేసుకునే గుడ్డ స్లిప్పర్లతోనే మంచులోకి దిగింది.

దారిలో తల పగిలిపోతోంది. ఆపిల్ చెట్ల వీధి మలుపులో గోడకు ఆనుకుని వాంతి చేసుకుంది. చిసాతో భయపడి ఆసుపత్రికి పోదామంది. ముల్లంగి పడలేదని, బండి వెళ్ళిపోతుందని కినుయో కసిరింది. స్టేషనులో చిసాతో మేనత్త ఉండే తొయోహాషికి టిక్కెట్టు ఆమే కొంది. ఎక్కడికి కొనాలో ఈసారి తెలుసు.

బండి వచ్చింది. చిసాతో మెట్టు మీద నిలబడి చెయ్యి వదల్లేదు.

"మీరూ రండి పెద్దమ్మా."

"నేనెందుకే. నన్ను కొట్టేవాడు ఎప్పుడో పోయాడు."

టిక్కెట్టు ఆ అమ్మాయి గుప్పిట్లో పెట్టింది. "మీ అత్త అడిగితే అంతా చెప్పు. ఒక్కటీ దాచకు. నేను దాచాను."

"మరి శుభలేఖలు?"

"అచ్చు కాలేదుగా ఇంకా," అంది కినుయో.

తలుపు మూసుకుంది. చిసాతో చీలిన పెదవితో అద్దం వెనక ఏదో అంటూనే ఉంది. బండి కొండ మలుపు తిరిగేదాకా కినుయో చూసింది. తరువాత బెంచీ మీద కూర్చుంది. తడిసిన స్లిప్పర్లలో పాదాలు ఇందాకటి దాకా మండాయి, ఇప్పుడు మండటం లేదు. కళ్ళ ముందు పట్టాలు రెండు జతలుగా కనబడ్డాయి. కాసేపు పడుకుంటే పోతుందనుకుంది. వంగని రెండు వేళ్ళనూ కుడిచేత్తో కప్పుకుని, గోడకు తల ఆనించింది.

పట్టాల మీద మంచు ఊడ్చే రైల్వే మనిషి ఆమెను చూశాడు. ఎవరికోసమో ఎదురుచూస్తూ నిద్రపోయిందనుకున్నాడు. రెండు బళ్ళు వచ్చి వెళ్ళాయి. మూడోదానికీ లేవకపోతే వచ్చి భుజం తట్టాడు.

పోలీసులు మర్నాడు కార్ఖానాకు వచ్చారు. ముసలావిడ మంచులో జారి ఉంటుందని ఇవావో చెప్పాడు. షిగె అవునంది. ఉషియామా గారు మెషీన్ వైపు చెయ్యి చూపి, "మెషీన్ చక్రం మీద రక్తం తుడిచింది నేనే. ఆవిడని వీడే దాని మీదికి విసిరేశాడు," అన్నారు. ఇవావోను తీసుకెళ్ళారు, కుంటుకుంటూ వెళ్ళాడు. కినుయో చనిపోయిన కబురు తొయోహాషికి చేరడానికి ఇంకో మూడు రోజులు పట్టింది.

పోలీసులు రాకముందు రోజు సాయంత్రం, కినుయోను స్ట్రెచరు మీద తీసుకుపోయాక, రైల్వే మనిషి ప్లాట్‌ఫారం చివరిదాకా ఊడ్చుకుంటూ వచ్చి బెంచీ దగ్గర ఆగాడు. దాని కింద ఒక గుడ్డ స్లిప్పరు, మడమ తొక్కి తొక్కి పల్చబడినది, నీళ్ళు పీల్చుకుని అప్పుడే నేలకు గడ్డకట్టడం మొదలుపెట్టింది.